నల్లగొండ ఎండల్లో నాలుగేళ్లు నడిచిన ఫైటర్ సిమ్యులేటర్

రెండు సీట్ల సెటప్ ఇది. సీటుకో పీసీ (32 జీబీ ర్యామ్), 32 అంగుళాల మానిటర్, జాయ్‌స్టిక్, థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే లివర్), రడ్డర్ పెడల్స్ (ముక్కును పక్కలకు తిప్పే కాలి పెడల్స్), తల కదలికను పట్టే ఇన్‌ఫ్రారెడ్ క్లిప్. వీఆర్ హెడ్‌సెట్ మాత్రం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ పీసీలో నడిచే యుద్ధవిమాన సిమ్యులేటర్ డీసీఎస్ వరల్డ్, అందులో విడిగా కొనే ఎఫ్-16సీ (అమెరికా ఫైటర్ విమానం) మాడ్యూల్. డబ్బు పెట్టే ముందు ముట్టుకుని చూడాలనుకుంటే బేస్ ప్రోగ్రామ్ ఉచితమే, దానితోపాటు సుఖోయ్-25టీ అనే రష్యా దాడి విమానం కూడా వస్తుంది.

ఇలాంటి బల్ల సిమ్యులేటర్ బాగా పనికొచ్చేది రిజర్వ్ పైలట్లకు, అంటే వేరే ఉద్యోగం చేస్తూ కొంతకాలమే వైమానిక దళంలో పనిచేసేవాళ్లకు. అమెరికా రిజర్వ్ వైమానిక దళం ఎయిర్ నేషనల్ గార్డ్‌లో మామూలు రోజుల్లో ఎయిర్‌లైన్ విమానం నడిపి, నెలలో కొన్ని రోజులే ఎఫ్-16 ఎక్కేవాళ్లు ఉంటారు. వాళ్లు ఎగరడం మర్చిపోరు, వేళ్లే మర్చిపోతాయి. స్టిక్ మీద కొన్ని స్విచ్‌లు నాలుగు దిక్కులకు కదులుతాయి, మోడ్ మారితే వాటి పనీ మారిపోతుంది. మన దగ్గర రిజర్వ్, ఆగ్జిలరీ వైమానిక దళాల చట్టం 1952లోనే వచ్చినా, వారాంతపు ఫైటర్ పైలట్ అన్న మాట మనకు కొత్తే. సాధన సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఇంజన్ స్టార్ట్ దీని మీద బాగా వంటబడుతుంది. జేఎఫ్‌ఎస్ (ఇంజన్‌ను తిప్పి లేపే చిన్న స్టార్టర్) స్విచ్ స్టార్ట్-2కి వేయాలి, ఇంజన్ వేగం (ఆర్పీఎం) 20 శాతానికి వచ్చాక థ్రాటిల్ ఐడిల్‌కి తేవాలి, ఆ తర్వాత టెంపరేచర్ మీటర్ మీంచి కన్ను తీయకూడదు. ఇంకా బాగా కుదిరేది ఇంజన్ ఆగిపోతే దిగే డ్రిల్. ఎఫ్-16 గ్లైడ్‌లో 5,000 అడుగుల ఎత్తు ఖర్చు పెడితే సుమారు 7 నాటికల్ మైళ్లు (13 కి.మీ.) వస్తుంది. దిగేటప్పుడు ఎత్తు సరిచూసుకునే చోట్లు రెండు: రన్‌వే నెత్తిన హై కీ 7,000 నుంచి 10,000 అడుగులు, సగం చుట్టు తిరిగాక లో కీ 3,000 నుంచి 5,000. ఒక గంటలో దీన్ని పదిసార్లు చేయొచ్చు, చుక్క ఇంధనం కాలదు. జీ-ఫోర్స్ (మలుపుల్లో ఒంటి మీద పడే అదనపు బరువు) మాత్రం రాదు. 6జీలో, అంటే బరువు ఆరింతలైనప్పుడు, తల, హెల్మెట్ కలిపి 5 కిలోలైతే మెడకు 30 కిలోలుగా తెలుస్తుంది. అది కుర్చీలో కూర్చుంటే వచ్చేది కాదు, కదిలే ప్లాట్‌ఫామ్ కొన్నా రాదు. అందుకే ప్లాట్‌ఫామ్‌కి డబ్బు దండగ.

ముందుగా పాడయ్యేది స్టిక్. లోపల పొటెన్షియోమీటర్ (కార్బన్ ట్రాక్ మీద రాసుకుంటూ కదలికను కొలిచే భాగం) ఉన్న రకం మన దుమ్ముకు రెండో వేసవి దాటడం కష్టం. చెయ్యి పెట్టకపోయినా ముక్కు ఒక పక్కకు వాలుతుంటే కార్బన్ ట్రాక్ అరిగినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్ని వారాలు నడుస్తుంది, మళ్లీ మొదటికే. అయస్కాంతంతో, తాకకుండానే కదలికను కొలిచే హాల్ సెన్సర్‌లో రాపిడి లేదు, నాలుగేళ్లయినా సెంటర్ కదల్లేదు. దానికీ స్ప్రింగ్ సాగుతుంది, గింబల్ (స్టిక్ అన్ని వైపులా వాలే కీలు) కిర్రుమంటుంది. ప్లాస్టిక్‌కు పడే సిలికాన్ గ్రీజు వేలికొసంత చాలు. కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె వేయొద్దు, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది.

స్టిక్‌ని బల్ల మీద వదిలేస్తే గట్టిగా లాగినప్పుడల్లా లేస్తుంది. వడ్రంగి చేత 18 మి.మీ. ప్లైవుడ్ పలక కోయించి, కుర్చీ కుడిచేతి పట్టె పక్కన బిగించండి, ఎఫ్-16లో స్టిక్ ఉండేదీ కుడివైపే.

ఎగురుతుండగా కంట్రోల్స్ చచ్చుబడితే కరెంటును తిట్టే ముందు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడకం లేదనుకుని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపేయండి. యూఎస్‌బీ హబ్‌కి సొంత అడాప్టర్ ఉండాలి. సేవ్డ్ గేమ్స్‌లో డీసీఎస్ కింద కాన్ఫిగ్, అందులో ఇన్‌పుట్ ఫోల్డర్ ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోకపోతే ఏదో ఒక రోజు బటన్లన్నీ మళ్లీ పెట్టుకుంటూ ఆదివారం పోతుంది.

కరెంటు సంగతి. అంగట్లో దొరికే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. ఆట నడుస్తుంటే పీసీ ఒక్కటే 400 దాటుతుంది, లైన్ పోగానే యూపీఎస్ కుయ్యిమని పీసీతో సహా ఆగిపోతుంది. సీటుకు 1 కేవీఏ ప్యూర్ సైన్‌వేవ్ పెట్టాలి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు, అంటే పీసీ పవర్ సప్లైలు, రీస్టార్ట్ అవుతాయి. ఇంటి ఇన్వర్టర్ తప్పకపోతే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి.

ఏప్రిల్ వస్తే కూలర్ గొడవ. బోరు నీళ్లు పోసిన కూలర్ పీసీకి ఎదురుగా పెడితే ఫ్యాన్ రెక్కల మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది, ఎర్ర దుమ్ము దానికి అతుక్కుంటుంది. నల్లగొండ నీళ్ల కాఠిన్యం గురించి చెప్పేదేముంది. ఏసీ లేకపోతే ఉదయం 6 నుంచి 10 దాకా నడిపి ఆపేయడం నయం. వీఆర్ కూడా ఆ పూటే. ఉక్కపోతలో లెన్స్ మీద ఆవిరి, ఫోమ్‌లో చెమట. కొత్తవాళ్లకు 20 నిమిషాలు మించనీయొద్దు, తల తిప్పడం మొదలయ్యాక బలవంతంగా కూర్చుంటే ఆ రోజంతా పోతుంది. ఇన్‌ఫ్రారెడ్ క్లిప్‌కి పడమటి కిటికీ ఎండ, పాత ఫిలమెంట్ బల్బు రెండూ శత్రువులే. మందపాటి కర్టెన్ వేస్తే చాలు.

దాతలుగానీ సంస్థగానీ డబ్బిస్తే వందకు నలభై అయిదు పీసీకి, పాతిక కంట్రోల్స్‌కి, మిగతాది తెర, యూపీఎస్, కుర్చీకి. మూడు తెరలు అడగొద్దు, 70 సెంటీమీటర్ల దూరంలో ఒక్క 32 అంగుళాలే 50 డిగ్రీలకు పైగా చూపిస్తుంది, మిగతాది హెడ్ ట్రాకింగ్ చూసుకుంటుంది. కొన్న ఖర్చులో ఏటా పది నుంచి పదిహేను శాతం మరమ్మతుకు కావాలి. ప్రారంభోత్సవం రోజునే మూడేళ్ల మొత్తం విడిగా రాయించుకోండి. యూపీఎస్ బ్యాటరీ మూడో ఏడు తప్పకుండా మార్చాలి, ఆ బిల్లుకు అప్పుడు ఎవరూ ముందుకు రారు.