అన్నాచెల్లెళ్ల ఆస్తి తగాదాకి చర్చి కౌన్సెలింగ్, నా అనుభవం

సికింద్రాబాద్‌లో మేం వెళ్లే చర్చిలో శనివారం సాయంత్రాలు కుటుంబ తగాదాలకి కౌన్సెలింగ్ ఇస్తారు. ఫీజు లేదు, వేరే సంఘం వాళ్లైనా రావచ్చు. నాన్న పోయాక మల్కాజిగిరి ఇంటి అద్దె మొత్తం అన్నయ్యే తీసుకుంటుంటే, కోర్టుకీడ్చి నలుగురిలో పరువు తీయాలన్నంత కోపంతో వెళ్లాను.

నాకు బాగా నచ్చిందేంటంటే, వెళ్లగానే "క్షమించేయమ్మా" అని నోరు మూయించరు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని పద్ధతే పాటిస్తారు. ముందు ఇద్దరే మాట్లాడుకోవాలి, వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్లాలి, అప్పటికీ కాకపోతేనే సంఘం దాకా రావాలి. అన్నయ్య నా ఫోన్ ఎత్తడం మానేశాడు కాబట్టి పాస్టర్ గారూ, రిటైరైన ఒక బ్యాంకు మేనేజరు గారూ నాతోపాటు వాళ్లింటికే వచ్చారు. వీలునామా లేదు కాబట్టి క్రైస్తవులకి వర్తించే 1925 వారసత్వ చట్టం ప్రకారం అమ్మకి మూడో వంతు, మిగిలింది మా ఇద్దరికీ సమానమని మేనేజరు గారు ముందే చెప్పి, అద్దె, ఇంటి పన్ను, మోటార్ రిపేరు అన్నీ పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాశారు. అన్నయ్య క్యారీబ్యాగులోంచి అమ్మ మందుల బిల్లులు తీస్తే అవీ రాశారు. ప్రార్థన ఆ లెక్క తేలాకే చేశారు, నాకు ఏడుపొచ్చింది కూడా అప్పుడే.

క్షమించడమంటే కేసు ఎత్తేయడమా అని అడిగితే పాస్టర్ గారు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ గారి సంగతి చెప్పారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్త గ్రాహంనీ ఇద్దరు కొడుకుల్నీ వాహనంలోనే తగలబెట్టేశారు, ఆవిడ హంతకుల్ని క్షమించానన్నారు, బారిపదలో కుష్ఠురోగుల సేవ వదల్లేదు, కానీ కేసు మాత్రం నడిచింది, దారాసింగ్‌కి చివరికి యావజ్జీవం పడింది. ఆ మాట విన్నాక నా గుండె బరువు సగం దిగింది, ఎందుకంటే క్షమిస్తే నా వాటా వదులుకోవాలేమో అన్నదే నా టెన్షన్.

నచ్చనిది ఒక్కటే, గదికి సరైన గోడ లేదు, పక్కన క్వయర్ ప్రాక్టీసు ఆగిందంటే మన మాటలన్నీ వాళ్లకి వినిపిస్తాయి. ఇంటి గుట్టు చెప్పుకునే చోట ఇది సరిచేయాల్సిందే.

కొట్టే భర్తల విషయంలో మాత్రం వీళ్లు రాజీకి కూర్చోబెట్టరు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించి, హింసకి గురైన ఆడవాళ్లని ఆదుకునే ప్రభుత్వ సఖి కేంద్రానికి పంపిస్తారు, అది చాలా మంచి పని.

ఇప్పుడు అద్దె నెలనెలా పంచుకుంటున్నాం. వదిన ఇంకా ముభావంగానే ఉంటుంది, దానికి టైం పడుతుంది. వెళ్లేవాళ్లు అద్దె కాగితాలు, పన్ను రసీదులు తప్పకుండా పట్టుకెళ్లండి, పెందలాడే వెళ్లండి, ఆలస్యమైతే చాలాసేపు కూర్చోవాలి.