అంతరిక్ష ప్లాస్మా: కాలువలా చూడాలా, కరెంటులా చూడాలా?

ఇందుకూరుపేట దగ్గర మా బావగారి రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని ఉండగా ఒక రాత్రి ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆయన నీళ్లవైపు చూడనే లేదు. "లైను చూడాలి" అంటూ టార్చి పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు పరుగు తీశారు. ఫ్యూజు తీగ మాడిపోయి ఉంది. అదే మనిషి, వరి మడికి నీరందకపోతే కాలువ గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తారు, గండి ఎక్కడ పడిందో చూసుకుంటూ.

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నాకు ఆ రాత్రి ఒకటి తట్టింది. అంతరిక్షంలోని ప్లాస్మా గురించి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నది ఈ రెండు దారుల గురించే.

ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివడి తిరిగే వాయువే ప్లాస్మా. సూర్యుడి నుంచి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో మన వైపు వీచే సౌర పవనం అలాంటిదే. దానిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందంటే, అయస్కాంత బలరేఖలు దానికి అతుక్కుపోయినట్టు దానితోపాటే కదులుతాయి. 1940ల తొలినాళ్లలో స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్వెన్ చెప్పిన మాట ఇది. దీన్ని కాలువ చూపు అందాం. ప్లాస్మా వేగం, అయస్కాంత క్షేత్రం తెలిస్తే చాలు, లెక్క ముందుకు సాగుతుంది. సౌర తుపాను భూమిని ఎప్పుడు తాకుతుందో అంచనా కట్టే కంప్యూటర్ నమూనాలు ఎక్కువగా దీని మీదే నిలబడ్డాయి.

విద్యుత్ ప్రవాహం ఎక్కడ మొదలై ఏ దారిన పోతుందో ముందు వెతకడం కరెంటు చూపు. దానికి పెద్ద దిక్కు నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కలాండ్. గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంతపు గోళాన్ని ఉంచి, దాని మీదికి ఎలక్ట్రాన్లను పంపి, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు పుట్టించి చూపించాడు. ధ్రువాల దగ్గర ఆకాశంలో రాత్రిళ్లు కనిపించే ధ్రువకాంతుల చోట విద్యుత్ ప్రవాహాలు బలరేఖల వెంట అంతరిక్షం నుంచి కిందికి దిగుతాయన్నాడు. బ్రిటన్ శాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్ వర్గం ఒప్పుకోలేదు. ప్రవాహాలన్నీ పై వాతావరణంలోనే తిరుగుతాయని వారి వాదన. నేల మీది అయస్కాంత కొలతలతో మాత్రమే ఈ తగువు తేలదు, ఎందుకంటే రెండు ఏర్పాట్లూ కింద ఒకే రకం గుర్తు మిగల్చగలవు. 1960ల్లో, 70ల్లో ఉపగ్రహాలు పైకి వెళ్లి కొలిచాక గాని బిర్కలాండ్ మాట నెగ్గలేదు. ఆయన 1917లోనే కన్నుమూశాడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

మరి ఏది మేలు? సౌర పవనమంత విశాలమైన చోట నా ఓటు కాలువ చూపుకే. అక్కడ కరెంటు కారణం కాదు, కదలిక వల్ల పుట్టే ఫలితమని అమెరికా శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ గట్టిగా వాదించాడు. ఆ వాదన నాకు నచ్చుతుంది. పైగా అంతరిక్షంలో అమ్మీటరు పెట్టేందుకు తీగ ఏది? 2015లో నాసా పంపిన ఎంఎంఎస్ అనే ఉపగ్రహాలు నాలుగూ, నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఒక చతుర్ముఖి మూలల్లో ఉన్నట్టు ఎగురుతూ, క్షేత్రంలోని తేడాలను బట్టి కరెంటు లెక్క తేలుస్తాయి. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 ఒంటరిది, అలాంటి లెక్క దానికి కుదరదు. ఆరు మీటర్ల కడ్డీకి అమర్చిన సెన్సార్లతో క్షేత్రాన్ని, వేరే పరికరాలతో కణాలను కొలుస్తుంది. దాని సమాచారం చదవాలనుకునే పిల్లలు కాలువ దారినే మొదలుపెట్టాలి.

అయితే ధ్రువకాంతి దగ్గరకు వచ్చేసరికి నా ఓటు మారిపోతుంది. అక్కడ ఎలక్ట్రాన్లను కిందికి తోసేది బలరేఖల వెంట ఏర్పడే కొన్ని వేల వోల్టుల తేడా. రేఖలు అతుక్కుని కదులుతాయన్న లెక్కలో ఆ వోల్టేజీకి చోటే లేదు. రేఖలు తెగి మళ్లీ కలుసుకునే చోటా అంతే. ఫ్యూజు ఎక్కడ మాడిందో కాలువల పటంలో వెతికితే దొరకదు. ఆ పటం గీసిన ఆల్ఫ్వెనే 1970 నోబెల్ ఉపన్యాసంలో ఈ ప్రమాదం గురించి హెచ్చరించి, కరెంటు వలయాలనూ గీయమన్నాడు.

సూర్యుడే కరెంటుతో వెలుగుతున్నాడనే మూడో మాట ఒకటి తిరుగుతోంది. అది నిలవదు. సూర్య గర్భంలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయే కేంద్రక సంలీనం నుంచి వచ్చే న్యూట్రినోలనే కణాలను భూమి మీద పట్టి లెక్కపెట్టారు.

ఈ ఏడాది నల్లబల్ల మీద భూమి చుట్టూ బలరేఖలు తెల్ల సుద్దతో గీసి, వాటి పక్కనే కరెంటు వలయాన్ని ఎర్ర సుద్దతో గీస్తున్నాను. ఎర్రగీత ఎక్కడి నుంచి మొదలవుతుందని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే గీస్తున్నాను.