మాస్ బాల్స్: కొన్నేళ్ల పెంపకం తర్వాత నా అభిప్రాయం

కుండీ, మట్టి, ఎరువు ఏవీ అక్కర్లేని పచ్చదనం ఇంట్లో ఉండాలనుకునేవారికి మాస్ బాల్‌ను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే నీడనూ చల్లదనాన్నీ సమకూర్చగలిగినవారికే ఈ సిఫారసు వర్తిస్తుంది.

ఇది దారపు పోగుల వంటి తంతువులు అల్లుకుని ఏర్పడే హరిత శైవలం, అంటే నీటిలో పెరిగే ఒక రకం పచ్చని నాచు. వేరు, కాండం, ఆకు అనే విభజన లేనందున పోషకాలను నీటి నుంచే నేరుగా తీసుకుంటుంది. జపాన్‌లోని హొక్కైడో ద్వీపంలో ఉన్న అకాన్ సరస్సులో అలల తాకిడికి అడుగున దొర్లుతూ ఇది గుండ్రని రూపం పొందుతుంది. అక్కడ 20 సెంటీమీటర్లు దాటిన బంతులు కూడా ఉన్నాయి. ఇంట్లోని గాజు పాత్రలో అలలు ఉండవు కనుక ఆ పని మన చేతులే చేయాలి. నీరు మార్చిన ప్రతిసారీ బంతిని అదే నీటిలో మెల్లగా పిండి, అరచేతుల మధ్య దొర్లించి, కిందివైపు పైకి వచ్చేలా పెడతాను. ఈ కాస్త శ్రద్ధ లేకపోతే వెలుతురు అందని భాగం గోధుమరంగుకు మారి, ఆకారం చదునవుతుంది.

నీరు రెండు వారాలకొకసారి, వేసవిలో వారానికొకసారి మారిస్తే చాలు. కుళాయి నీటిని ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. క్లోరమీన్ (క్లోరిన్‌లా తేలిగ్గా ఆవిరైపోని శుద్ధి రసాయనం) కలిపిన నీటికి మాత్రం దాన్ని విరిచే అక్వేరియం కండిషనర్ ద్రావణం తప్పనిసరి.

అసలు పరీక్ష వేడిమితోనే. చల్లని సరస్సుల్లో పెరిగే జీవి కావడంతో నీరు 25 డిగ్రీల సెల్సియస్ దాటితే దీనికి ఇబ్బంది మొదలవుతుంది. ఎండ నేరుగా తగిలే కిటికీ కన్నా గదిలోని మామూలు వెలుతురే దీనికి హితం. మరీ వేడి రోజుల్లో పాత్రను కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచడం నాకు బాగా ఉపకరించింది. రంగు తెల్లబారుతుంటే వెలుతురు ఎక్కువైందని గ్రహించి వెంటనే నీడకు మార్చాలి.

ఎదుగుదల ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లే. త్వరగా ఫలితం చూడాలనుకునేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు గానీ, కత్తిరింపు, కుండీ మార్పిడి అవసరం లేకపోవడానికి కారణం కూడా ఈ నిదానమే, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన గుణమూ ఇదే. వెలుతురు బాగా ఉన్న ఉదయాల్లో కిరణజన్య సంయోగక్రియ వల్ల విడుదలైన ఆక్సిజన్ బుడగలు పోగుల మధ్య చిక్కుకుని బంతి పైకి తేలుతుంది; అది ఆరోగ్య లక్షణమే.

చేపలతో కలిపి ఉంచదలచినవారు గోల్డ్‌ఫిష్‌ను మినహాయించాలి, అవి పోగులను పీకి తినేస్తాయి. చిన్న మంచినీటి రొయ్యలు మాత్రం పోగుల్లో చిక్కిన వ్యర్థాలను ఏరుకుని తింటూ బంతిని శుభ్రంగా ఉంచుతాయి. కొనేటప్పుడు నొక్కి చూడడం మంచిది: లోపల గట్టి గుండు తగిలితే, వేరే నాచును దానికి చుట్టి అమ్ముతున్నారని అనుమానించాలి. 2021లో అమెరికాలో అమ్మకానికి ఉంచిన మాస్ బాల్స్‌లో జీబ్రా మస్సెల్స్ అనే, కొత్త జలాల్లోకి చేరితే వేగంగా వ్యాపించి నష్టం చేసే ఆల్చిప్పలు బయటపడ్డాయి. కనుక కొత్త బంతిని కొన్నాళ్లు విడిగా ఉంచి గమనించాలి, దాని నీటిని చెరువుల్లోకి గానీ కాలువల్లోకి గానీ పారబోయకూడదు.