కిల్పెక్ చర్చి: బైనాక్యులర్స్ వెంట పెట్టుకుని వెళ్ళండి

ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్ నుంచి అబర్గవెన్నీ రోడ్డులో సుమారు 9 మైళ్ళు వెళ్ళి పక్కకు మళ్ళితే కిల్పెక్ అనే పల్లె వస్తుంది. అక్కడి సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్ చర్చిని అరగంటలో చూసేయొచ్చనుకున్నాం. మూడు గంటలు పట్టింది.

1140 ప్రాంతంలో కట్టిన చిన్న చర్చి. పొడవాటి హాలు, దాని వెనక ఇంకాస్త ఇరుకైన గది, చివర ఆప్స్ అనే అర్ధచంద్రాకారపు భాగం, అంతే. పెద్ద బురుజు కూడా లేదు. చూడాల్సిందల్లా చెక్కడమే.

ముందు దక్షిణ ద్వారం దగ్గర ఆగండి. ఎర్ర ఇసుకరాయి. సన్నటి స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న ఇద్దరు యోధులు కనిపిస్తారు. వాళ్ళ బట్టల మీది చారలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. 900 ఏళ్ళకు దగ్గరపడ్డ రాయి అంటే నమ్మబుద్ధి కాలేదు. ఇదే శిల్పుల బృందం పనితనం షోబ్డన్ అనే ఊరి చర్చిలోనూ ఉండేది. 1750లలో ఆ పాత చర్చిని పడగొట్టి, దాని ఆర్చీలను ఆరుబయట నిలబెట్టారు. వానకు, గాలికి అక్కడి బొమ్మలు బాగా అరిగిపోయాయి. అది చూసొచ్చాక కిల్పెక్ రాయి గట్టిదనం ఏమిటో తెలిసింది.

తర్వాత తల పైకెత్తండి. చూరు కింద చర్చి చుట్టూ 80కి పైగా చిన్న బొమ్మలు. పక్కపక్కన ఆనుకుని కూర్చున్న కుక్క, కుందేలు దగ్గర మా అమ్మాయి కదల్లేదు. "అమ్మా, కుక్క చెవులు ఎలా వాలిపోయాయో చూడు" అంటూ బొమ్మ గీసుకుంది. కొంచెం అవతల షీలా-నా-గిగ్, రెండు చేతులతో తన యోనిని తెరిచి చూపే స్త్రీ. పాపానికి హెచ్చరిక అని కొందరు, కీడును తరిమేదని కొందరు అంటారు. నాకైతే కుందేలుకి పెట్టినంత శ్రద్ధే ఆమెకీ పెట్టారనిపించింది.

లోపల వెలుతురు తక్కువ, కళ్ళు అలవాటుపడనివ్వాలి. హాలుకీ గదికీ మధ్యనున్న ఆర్చీకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు రాతి మనుషులు ఒకరి మీద ఒకరుగా నిలబడ్డారు. తాళంచెవి పట్టుకున్నది యేసు శిష్యుడు పేతురు. ఆప్స్ పైకప్పులో వంకీల గీతలు చెక్కిన రాతి దూలాలు నడిమధ్యన కలుస్తాయి.

ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం వెళ్ళండి, దక్షిణ ద్వారం మీద నీడలు పడి చెక్కడం లేచి కనిపిస్తుంది. పడమటి గోడ నుంచి నోళ్ళు తెరుచుకుని బయటికి పొడుచుకొచ్చిన డ్రాగన్ తలలను మేం బయల్దేరబోతూ చూశాం. కారు తాళాలు మళ్ళీ సంచీలో వేసేశాను.