కాలువ గట్టు సైకిల్ యాత్రకి డబ్బు కట్టకండి, మేం మోసపోయాం

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు సైకిల్ తొక్కే మనవాళ్ళందరికీ చెబుతున్నాను. కాకినాడ నుంచి పెద గంజాం దాకా కాలువ గట్ల మీద ఆరు రోజుల యాత్ర అంటూ రెండు నెలలుగా తిరుగుతున్న ఆ నీలం పోస్టరు మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. పేరు రాయను, ఎవరో మీకు తెలుసు. వాళ్ళకి పైసా కట్టకండి. మేం నలుగురం తలా 6,500 చొప్పున 26,000 రూపాయలు కట్టి కూర్చున్నాం. మొన్న ఆదివారం అసలు సంగతి బయటపడింది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, వరస తప్పితే ఏమనుకోకండి.

కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113. మూడూ కలిపితే గోదావరి నుంచి కృష్ణ దాటి పెద గంజాం చేరతాం. అక్కణ్ణించి బకింగ్‌హాం కాలువ మొదలవుతుంది, దాన్ని తర్వాతి యాత్రకి దాచుకున్నాం. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు పొలాలకి నీళ్ళివ్వడంతో పాటు పడవల దారులూ అయ్యాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ, తాడు భుజాన వేసుకుని పడవని లాగేవారు. మా తాతగారు చిన్నప్పుడు కాకినాడ నుంచి రాజమండ్రికి అలా పడవలోనే వెళ్ళారట. లాకుల దగ్గర తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవ మెల్లగా పైకి లేస్తుంటే భయపడి వాళ్ళమ్మ కొంగు పట్టుకున్నానని చెప్పేవారు. ఆ లాగుడు దారి మీద ఒక్కసారైనా సైకిల్ తొక్కాలని నాకు పదేళ్ళుగా కోరిక. అందుకే ఆ పోస్టరు చూడగానే పడిపోయాను.

వాళ్ళు అమ్మింది మూడు వస్తువులు: ఫోను మ్యాపు మీద దారిని చుక్కలు కలిపిన గీతలా చూపించే జీపీఎక్స్ ఫైలు, రాత్రి బసలు, వెనకాల సామాన్లు మోసే వ్యాను. వాళ్ళ మనిషి ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడాడో! "గురువుగారూ, ప్రతి మీటరూ మేం తొక్కి చూసిందే. ఇది జాతీయ జలమార్గం 4, గట్టంతా ప్రభుత్వమే చూసుకుంటుంది, మీకు ముల్లు కూడా గుచ్చుకోదు" అన్నాడు. 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించిన మాట నిజమే. కానీ ఆ ప్రకటన పడవల కోసం. గట్టు మీద సైకిల్ దారి ఉంటుందని అందులో ఎవరూ మాట ఇవ్వలేదు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా అతని నోటి వెంట వింటుంటే నమ్మాలనిపించింది, నమ్మేశాను.

ఫైలు వచ్చిన రోజే పర్లాకిమిడి మిత్రుడు అనుమానపడ్డాడు. అతను సర్వే పనులు చేసే మనిషి. నిజంగా తొక్కుతూ నమోదు చేసిన ఫైల్లో మామూలుగా ప్రతి చుక్కకీ తేదీ, సమయం ఉంటాయి, దీంట్లో ఒక్క చుక్కకీ లేవు, ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని గీశారు అన్నాడు. పెద్దది చేసి చూస్తే గీత చాలాచోట్ల గట్టు మీద లేదు, నీళ్ళ మధ్యలో ఉంది. వంతెన లేని చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దూకుతోంది. నేనేమన్నానో తెలుసా? "పది మీటర్లు అటూ ఇటూ అవుతుందిలే" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. రాయగడ మిత్రుడు చిన్న బడిలో పంతులు. నా మాట మీదే డబ్బు వేశాడు.

ఆదివారం నేనూ మా బావమరిదీ రాత్రి బండెక్కి రాజమండ్రిలో దిగి, అద్దె సైకిళ్ళ మీద ధవళేశ్వరం నుంచి కడియం వైపు ఆ గీత పట్టుకుని వెళ్ళాం. కొంత దూరం తారు రోడ్డే, పక్కనే కాలువ, నర్సరీలు, ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఫైల్లో దారి ఉన్నచోట ఇళ్ళ పెరళ్ళు నీళ్ళ దాకా వచ్చేశాయి. ఇంకాస్త ముందుకెళ్తే తుమ్మ ముళ్ళు, చెత్త, మధ్యలో గట్టు తెగిపోయి ఉంది. రెండు చక్రాలూ పంక్చరే. అక్కడ గట్టు మీద ఒక పెద్దాయన కనిపించాడు, ఒకప్పుడు కాలువ మీద లస్కరుగా, అంటే నీళ్ళు వదిలే, గట్టు కాసే పనివాడిగా చేశాడట. పోస్టరు చూపిస్తే తేదీ చదివి తలెత్తి చూశాడు. "ఏప్రిల్ నెలాఖరా బాబూ? దాళ్వా, అదే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువ కట్టేస్తారు. పూడిక తీసి ఈ గట్టు మీదే పోస్తారు. అప్పుడొచ్చి ఏం చూస్తారు?" అన్నాడు. నిండు కాలువ పక్కన యాత్ర అని పోస్టరు మీద పెద్దక్షరాలతో ఉంది. ఏ నెలలో నీళ్ళుంటాయో కూడా తెలియనివాడు ప్రతి మీటరూ తొక్కాడట!

అక్కణ్ణించే ఫోన్ చేశాను. గొడవ పడాలని కాదు. దారి సరిచేయండి, తేదీ మార్చండి, లేదంటే డబ్బు వెనక్కివ్వండి అని మర్యాదగానే అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత అదే గొంతు, డబ్బు కట్టేదాకా గురువుగారూ గురువుగారూ అన్న గొంతు, "ఏవయ్యా, గీత నీళ్ళలో ఉంటే నువ్వు పక్కన తొక్కలేవా?" అంది. రసీదులో డబ్బు వాపసు లేదని రాసి ఉంది, చదువుకోలేదా అంది. నేను వాపసు మాటే మళ్ళీ అడిగాను. అప్పుడన్నాడు: "మీ ఒడిశా వాళ్ళకి మా కాలువల సంగతేం తెలుసు? దారి తెలీకపోతే అడుక్కుంటూ పో." పెట్టేశాడు. పది నిమిషాల్లో మా నలుగురినీ యాత్ర గ్రూపులోంచి తీసేశాడు.

డబ్బు కన్నా ఆ మాట ఎక్కువ కాలుస్తోంది. నేను మాట్లాడింది తెలుగే కదా. 1936 దాకా మా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. మా ఇంట్లో ఈరోజుకీ పద్దులు తెలుగులోనే రాస్తాం. కాలువలంటారా, మేం తినే బియ్యం ఋషికుల్య కాలువల నీళ్ళతో పండినవే. చిలికా సరస్సు నుంచి ఋషికుల్య దాకా పడవల కోసం తవ్విన పాలూరు కాలువ మా జిల్లాలోనే ఉంది. ఇక్కడ మమ్మల్ని తెలుగువాళ్ళంటారు, అక్కడికి వెళ్తే ఒడిశా వాళ్ళంటారు. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం ఎవరికీ ఈ తేడా గుర్తు రాదు. బావమరిది ముందు ఏం మాట్లాడాలో తెలియక కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

సోమవారం వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫిర్యాదు ఇచ్చాను. పంతులుగారి 6,500 నేను ఇచ్చేశాను, ఆయన వద్దన్నా వినలేదు.

మీలో ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే యూపీఐ రసీదులు, మాట్లాడుకున్న మెసేజీలు చెరపకుండా దాచుకోండి. ఫోనెత్తడం మానేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి చేయండి. ఇలాంటివి ఇంకెవరు అమ్మినా ముందు ఫైలు తెరిచి సమయాలు ఉన్నాయో లేదో చూడండి, మొత్తం డబ్బు ఒక్కసారే వేయకండి.

మేం యాత్ర మానుకోలేదు. దాళ్వా నీళ్ళున్నప్పుడే, వచ్చే జనవరిలో, మా దారి మేమే చూసుకుని వెళ్తాం. దుగ్గిరాల లాకుల నుంచి పెద గంజాం దాకా ఏ గట్టు మీద సైకిల్ నడుస్తుందో, నిజంగా తొక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.