కస్తూర్బానా, ఊరి హైస్కూలా?

ఆరో తరగతికొచ్చిన ఆడపిల్లను ఎక్కడ చేర్చాలి? శ్రీకాకుళం పల్లెల్లో అమ్మలు అడిగేది ఇదే.

2004లో ఆడపిల్లల కోసమే మొదలైన ప్రభుత్వ కస్తూర్బా విద్యాలయాల్లో చదువు, బస, భోజనం ఉచితం. వలసెళ్లే ఇళ్లకు అదే మేలు. నీళ్లు మోయడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఉండవు, పుస్తకానికి వేళ దొరుకుతుంది. లెక్కల్లో ముందు చెయ్యెత్తేదీ, గ్రౌండంతా పరిగెత్తేదీ ఆడపిల్లలే. నాకిదే అన్నింటికన్నా పెద్ద విషయం.

ఊరి హైస్కూల్లో మగపిల్లలతో పోటీ అలవాటవుతుంది, కానీ గ్రౌండు మాత్రం వాళ్లదైపోతుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరి జిల్లా ఇది! ‘ఆడపిల్లకి ఆటలెందుకు’ అంటే నాకు కోపమొస్తుంది.

ఇంట్లో చదవనిస్తే ఊరి బడే చాలు, లేదంటే కస్తూర్బాయే. అక్కడ మొదట్లో బెంగ పెట్టుకుంటారు, సెలవు రోజుల్లో వెళ్లి చూసి రండి.