పెంటకుప్ప చూడ్డానికి హన్మకొండ దాకా

వరంగల్ వెళ్లేవాళ్ల జాబితాలో కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు ఎలాగూ ఉంటాయి. పర్యావరణం మీద ఆసక్తి ఉంటే ఇంకో పూట కలుపుకోండి. హన్మకొండ వైపు ఓ విశ్వవిద్యాలయ ఆవరణలో విద్యార్థులు నడుపుతున్న చోటు ఒకటుంది: నాలుగు కంపోస్టు తొట్లు, వాననీటి ట్యాంకు, జీవామృతం (పేడ, మూత్రం, బెల్లంతో పులియబెట్టి పొలానికి వాడే ద్రవం) డ్రమ్ము, పాత సామాన్లు బాగుచేసే బల్ల. బోర్డులు చదివి రావడానికి అరగంట చాలు. పని చూడాలంటే మాత్రం పొద్దున తొమ్మిదిలోపే వెళ్లాలి, హాస్టల్ మెస్‌ల నుంచి కూరగాయల తొక్కులు వచ్చే వేళకు.

అన్నిటికన్నా చూడదగ్గది కంపోస్టే. ఊళ్లో పెంటకుప్ప ఏడాది పట్టేది ఇక్కడ మూడు నెలల్లో ఎరువవుతుంది. కిటుకంతా కొలతలో ఉంది. ఒక బకెట్ తడి చెత్తకు మూడు బకెట్ల ఎండుటాకులు, పొరలు పొరలుగా. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు మీటరుకు తగ్గితే లోపల వేడి నిలవదు. సరిగ్గా పడితే మూడో రోజుకే 55 డిగ్రీలు దాటుతుంది, పొద్దున్నే తిరగేస్తే ఆవిరి లేస్తుంది. పదిరోజులకోసారి తిరగేయాలి. తడి సరిపోయిందా అన్నది పిడికిట్లో తేలుతుంది: గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. ధార కడితే ఎక్కువైనట్టు, చీమలు చేరితే ఎండిపోయినట్టు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి ఆడట్లేదు. ముక్కు మండితే పచ్చి చెత్త ఎక్కువైంది. రెండింటికీ మందు ఎండుటాకులే. మెస్‌వాళ్లు సాంబారన్నం కూడా తెచ్చి పోసిన రోజున మాత్రం అక్కడ నిలబడలేం, ఎలుకలూ దిగుతాయి.

వానపాములతో ఎరువు చేసే తొట్టిని రేకుల షెడ్డు కింద పెట్టడం మాత్రం పొరపాటే. 35 డిగ్రీలు దాటితే వానపాములు నిలవవు, ఇక్కడ మే నెల ఎండ 44 దాకా పోతుంది. రేకుల పైన వరిగడ్డి పరిచి, తొట్టి మీద తడి గోనెసంచులు కప్పితే తప్ప లాభం లేదు.

జీవామృతం కొలతలు గోడ మీదే రాసి ఉన్నాయి: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, రసాయనాలు పడని గట్టు మట్టి పిడికెడు. నీడలో ఉంచి పూటకోసారి కలుపుతూ రెండు రోజులు ఆగాలి, వారంలోపు వాడేయాలి. కానీ ఇక్కడ డ్రమ్ముకు గట్టి మూత బిగించేశారు. లోపల గ్యాస్ పుడుతుంది కాబట్టి గోనెగుడ్డ కట్టాల్సిన చోటది.

వాననీటి ట్యాంకు లెక్క పిల్లలకు చూపించదగ్గది. చదరపు మీటరు కప్పు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. నూరు చదరపు మీటర్ల మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే, నష్టం పోను దాదాపు 800 లీటర్లు చేతికొస్తాయి. తొలివాన మురికిని బయటికి వదిలే గొట్టం మూత ఊడిపోయి ఉండటంతో ఆ నీళ్లూ ట్యాంకులోకే పోతున్నాయి. బాగుచేసే బల్ల దగ్గర శనివారం తప్ప మనుషులుండరు.

సికింద్రాబాద్ నుంచి రైల్లో కాజీపేటలో దిగి ఆటో పట్టడం తేలిక, వరంగల్ స్టేషన్ దాకా పోనక్కర్లేదు. క్యాంపస్ గెస్ట్‌హౌస్ చవకే. కానీ లోపలి అధ్యాపకులెవరైనా ఉత్తరం ఇస్తేనే గది, అదీ ముందుగా. ఆ తిప్పలకన్నా హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల లాడ్జీలు నయం. పర్యాటక శాఖవారి హరిత కాకతీయ కూడా హన్మకొండలోనే. సాయంత్రం చూడ్డానికి వేయిస్తంభాల గుడి దగ్గరే. మే, సంక్రాంతి సెలవులు, పరీక్షల వారాలు వద్దు. చూపించేవాళ్లే ఉండరు. వానలు పట్టాక ఆగస్టు నుంచి నవంబరు దాకా బాగుంటుంది.

రోజంతా ఉంటే తిరుగు దారిలో జనగామ దగ్గర దిగి లింగాలఘనపురం మండలం ఏనెబావి వెళ్లండి. ఊరు ఊరంతా రసాయనాలు మానేసిన పల్లె. క్యాంపస్‌లో డ్రమ్ములో చూసింది అక్కడ పొలంలో కనిపిస్తుంది. కాకపోతే ముందు కబురు పెట్టాలి. నాట్ల రోజుల్లో గట్టు మీద నిలబడి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.